గట్టు మీద ఇత్తడి గుల్ల

"'నా తుపాకీ పేలినా పక్కన కూర్చున్నవాడు కాఫీ కప్పులోంచి తలెత్తడు.' ఈ మాట నువ్వన్నావా, లేదా?"

రాష్ట్ర నేర పరిశోధకుడు కర్ట్ స్టాన్స్‌బరీ ఈ ప్రశ్న అడగడం అది మూడోసారి. బల్లకి అవతల కూర్చున్న వెండెల్ ప్రోక్నౌ మూడోసారి కూడా నిజమే చెప్పాడు.

"అన్నానండీ. ప్రతి శుక్రవారం అంటాను. బార్‌లో చేపల వేపుడు తింటూ, అందరికీ వినపడేట్టు మరీ అంటాను. అది నా వ్యాపారమండీ! 'నా తుపాకీ ఫిరంగిలా మోగుతుంది, మీ ఆవులు గోడలెక్కుతాయి' అని చెప్పుకుంటే నన్నెవడు పిలుస్తాడు?"

"శుక్రవారం గొప్పలు చెప్పుకున్నావు. మంగళవారం పొద్దున డెల్మార్ జ్విక్కీ తన కొట్టంలోనే చెవి వెనక గుండు దిగి చచ్చిపోయాడు. ఆ సమయానికి నువ్వు అదే కొట్టంలో ఉన్నావు. చేతిలో తుపాకీ ఉంది. చప్పుడు ఒక్కరికీ వినపడలేదు. ఇంకేం కావాలి?"

'నోరా వీపుకి దెబ్బలు తేకే' అనే మాట వెండెల్ కోసమే పుట్టిందనుకుంది మార్లిస్ టోలెఫ్సన్. వాల్డెక్ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో హత్య కేసులు చూసే డిటెక్టివ్ ఆమె ఒక్కతే. ఆ కౌంటీలో హత్యలు ఎప్పుడో గానీ జరగవు కాబట్టి ఒక్కతి సరిపోయేది. ఈసారి మాత్రం రాజధాని నుంచి స్టాన్స్‌బరీని పంపారు. ఆయన వచ్చిన పూటే దోషిని తేల్చేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

ఆమె గోడకి ఆనుకుని అంతా వింది. ఇక కుర్చీ లాక్కుని వెండెల్ ఎదురుగా కూర్చుంది.

వెండెల్ పని పావురాలనీ ఎలుకలనీ కాల్చడం. పాడి రైతులు కొట్టాల తాళాలు అతని చేతికిచ్చి నిశ్చింతగా ఉంటారు. లక్షలు చేసే ఆవుల మధ్య తుపాకీ పట్టుకుని తిరిగేవాడికి కావాల్సింది గురి ఒక్కటే కాదు, నమ్మకం. ఈ మధ్యాహ్నం హత్యానేరం మోపి ఫొటో తీశారంటే, రేపు కోర్టు నిర్దోషి అని వదిలేసినా ఆ తాళాలు మళ్ళీ అతని చేతికి రావు. ఆ సంగతి వెండెల్‌కి తెలుసు. అందుకే నోరు ఎంత వాగుతున్నా చేతులు మాత్రం బల్ల కింద దాచుకున్నాడు.

"వెండెల్, మొన్న పొద్దున రైఫిల్‌లో ఏ తూటా వేశావు?"

"రవ్వల తూటా మార్లిసక్కా. పైన గడ్డి అటకలో పావురాలు కదా. గుండు బదులు ఆవగింజల్లాంటి రవ్వలుంటాయి దాన్లో. పావురం పడుతుంది, రేకు కప్పుకి మాత్రం గీత పడదు. కప్పుకి చిల్లు పెట్టానంటే డెల్మార్ నా వీపుకి చిల్లు పెడతాడు." మాట సరిచేసుకున్నాడు. "పెట్టేవాడు."

"మరి సద్దులేని తూటాలు?"

"అవి కింద ఎలుకలకి. మందు తక్కువ, గుండు మెల్లగా పోతుంది, నా పొడుగు గొట్టంలోంచి టప్పుమని దగ్గినట్టు వినపడుతుందంతే. ఒక డబ్బా జ్విక్కీల పాలగదిలో అలమర మీదే ఉంచేస్తా. అందరిళ్ళలోనూ అంతే. ఎవరు ముట్టుకుంటారు? వాళ్ళ రైఫిళ్ళలో అది సరిగా ఆడదు కూడా."

"కాల్చాక ఖాళీ గుల్లలేం చేస్తావు?"

వెండెల్ మొహం ఎర్రబడింది. హత్య చేశావన్నప్పుడు కూడా అతనికి అంత రోషం రాలేదు.

"అక్కా! కొట్టంలో ఇత్తడి వదిలే మొహంలా ఉందా నాది? ఆవు నమిలి మింగే జంతువా? మింగి, తర్వాత నములుతుంది. మేతలో మేకు ఉన్నా తీగ ఉన్నా లోపలికే. అది కడుపులో గుచ్చుకుని గుండెదాకా పోయి, మూడో రోజు ఆవు లేవదు. అందుకే కదా వాటి కడుపులో అయస్కాంతం వేస్తారు. ఆ అయస్కాంతం ఇనుముని పడుతుంది గానీ ఇత్తడిని పడుతుందా? కాల్చిన ప్రతి గుల్లా నా కుడిజేబులో ఉంటుంది. చూసుకోండి కావాలంటే."

స్టాన్స్‌బరీ నవ్వి, కవరులో వేసిన చిన్న ఇత్తడి గుల్లని బల్ల మీద పెట్టాడు. "మరి ఇది? శవానికి నాలుగడుగుల దూరంలో, కిటికీ గట్టు మీద దొరికింది. నీ సద్దులేని తూటాదే. ఈ కౌంటీలో అవి కొనేది నువ్వొక్కడివే."

వెండెల్ దాన్ని తేరిపార చూశాడు. "తూటా నాదే అయ్యుంటుందండీ. గుల్ల మాత్రం నాది కాదు."

"చూశారా మేడమ్, తెలివి?" స్టాన్స్‌బరీ మార్లిస్ వైపు తిరిగాడు. "పన్నెండింటికి ఇతని మీద నేరం మోపుతున్నాను. షెరీఫ్ సరేనన్నారు."

"పన్నెండుకి కదా," అంటూ మార్లిస్ లేచింది. "ఇప్పుడు తొమ్మిదిన్నర. ఆ కవరు తీసుకుని నాతో కొట్టానికి రండి. పదకొండున్నరకి మీరే ఇతనికి తలుపు తీస్తారు."

"తీయకపోతే?"

"మీరు వెళ్ళేదాకా మీ కాఫీ నేనే కలిపిస్తాను. నా కాఫీ తాగినవాళ్ళెవరూ ఈ ఊళ్ళో రెండో రోజు ఉండలేదు."

వెళ్తూ వెళ్తూ మార్లిస్, వెండెల్ కుడిజేబులోంచి పోలీసులు తీసిపెట్టిన గుల్లల సంచీలోంచి రెండు కవరులో వేసుకుని, సంతకం పెట్టి మరీ తీసుకెళ్ళింది.

* * *

జ్విక్కీల కొట్టంలో పొద్దుటి పాలు తీయడం అయిపోయింది. నలభై ఆవులు రెండు వరసల్లో నిలబడి, మెడలు చట్రాల్లోంచి ముందుకు చాపి, మధ్యనున్న మేత బాటలో పోసింది తింటున్నాయి. డెల్మార్ పడిపోయింది ఆ బాటలోనే. అతని తమ్ముడు లైల్ పారతో మేత సర్దుతున్నాడు. రెండు రోజుల గడ్డం, నిద్రలేని కళ్ళు. ఇంట్లో చావు జరిగినా ఆవులకి సెలవుండదు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు లైల్," అంది మార్లిస్. "నువ్వెక్కడున్నావు?"

"ఎన్నిసార్లు చెప్పను? ఆ చివర పాలు తీస్తున్నా. పాలు తీసే మిషను పంపు గుర్రుమంటూ ఉంది. అన్నయ్య ఇక్కడ మేత వేస్తున్నాడు. వెండెల్ పైన అటకలో ఉన్నాడు. పని అయ్యాక పంపు ఆపి, అన్నయ్యా అని పిలిచా. పలకలేదు. వచ్చి చూస్తే..." లైల్ పార ఆనించి మొహం తుడుచుకున్నాడు.

"చప్పుడు?"

"వినపడలేదు. ఆవులు కూడా కదల్లేదు. ఒక్కటంటే ఒక్కటి మిషను తన్నెయ్యలేదు. పెద్ద చప్పుడైతే మిషన్లన్నీ నేల మీదుండేవి."

"మీ అన్నదమ్ములిద్దరికీ ఏమైనా మాటా మాటా వచ్చిందా?"

"ఎందుకొస్తుంది? ఆవుల్ని అమ్మేద్దామని పదేళ్ళుగా పోరింది నేను. ఆఖరికి అన్నయ్య ఈ నెలలో ఒప్పుకున్నాడు. శనివారం ట్రక్కులొస్తున్నాయి. పడుచువి వేలానికి, ముసలివి కోతకి. నా నడుం చూశావా? ఈ జన్మకి చాలు మార్లిస్."

మార్లిస్ తలూపింది. కానీ ఆమె లెక్క వేరేగా నడుస్తోంది. పైన ఉన్నది వెండెల్. కింద ఉన్నది లైల్. డెల్మార్ భార్య ఆర్డిస్ మోకాలి ఆపరేషనై మూడు వారాలుగా మంచం దిగలేదు. మార్లిసే స్వయంగా రెండుసార్లు కూర వండి తీసుకెళ్ళింది. ముప్ఫై రెండేళ్ళ కింద ఆర్డిస్ పెళ్ళిలో పూలగుత్తి పట్టుకుని పక్కన నిలబడింది కూడా మార్లిసే. కాబట్టి ఆర్డిస్ పేరు ఆ లెక్కలోకే రాలేదు. వెండెల్‌ని తీసేస్తే మిగిలేది లైల్. ఇందులో అనుమానానికి చోటెక్కడుందనుకుంది.

"రండి మిస్టర్ స్టాన్స్‌బరీ. ఆ గుల్ల దొరికిన చోటు చూపించండి."

అది మేత బాట పక్కనున్న కిటికీ గట్టు. స్తంభానికి వెనక, మనిషి భుజమంత ఎత్తున ఉంది. గుల్ల అక్కడున్నప్పుడు తీసిన ఫొటోని స్టాన్స్‌బరీ పక్కన పెట్టి చూపించాడు.

"కాల్చాడు, గుల్ల ఎగిరొచ్చి ఇక్కడ పడింది. పాపం మనవాడు మేతలో వెతికాడు, దొరకలేదు, పోయాడు."

"ఫొటో సరిగా చూడండి. గుల్ల పడి ఉందా, నిలబడి ఉందా?"

స్టాన్స్‌బరీ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నిలబడి ఉంది."

"నోరు పైకి పెట్టి, స్తంభం వెనక, గోడకి ఆనించి బుద్ధిగా నిలబడి ఉంది. వెండెల్ రైఫిల్ చేత్తో గొళ్ళెం లాగి గుల్ల తీసే రకం. గుల్ల కాళ్ళ దగ్గర పడుతుంది. పోనీ, తనంతట తానే గుల్లని విసిరేసే రైఫిల్ అనుకుందాం. ఈ తూటాలో అంత మందు లేదు. గొళ్ళేన్ని వెనక్కి తన్నే సత్తువే దానికి లేదు. ఎటు చూసినా ఇది ఎగిరే గుల్ల కాదు. ఎగిరొచ్చి, స్తంభం చుట్టూ తిరిగి, గట్టు మీద కుదురుగా నిలబడే గుల్లని నా ఇరవై ఆరేళ్ళ నౌకరీలో చూడలేదు. మీ రాజధానిలో ఉంటే చెప్పండి."

"అంటే ఎవరో పెట్టారంటారు. వెండెల్ మీదకి నెట్టడానికా?"

"నెట్టడానికైతే శవం పక్కనే పడేసేవాళ్ళు. ఇది మేతలో పడింది కాబట్టి తీసి పైన పెట్టారు. ఆవు నాలుక అందని ఎత్తులో. మనిషిని చంపిన చేతులే, ఆవు కడుపులోకి ఇత్తడి పోకూడదని వంగి తీశాయి. పాడివాళ్ళకి అది ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఎవరూ చెప్పక్కర్లేదు, తామే గమనించుకోరు."

"వెండెల్‌కీ ఆ అలవాటుందిగా."

"వెండెల్ జేబులో వేసుకుంటాడు. దాచుకోవలసిన గుల్లని దాచుకునే అలవాటున్నవాడు, ఆ ఒక్క రోజూ గట్టు మీద ప్రదర్శనకి పెట్టాడా?"

స్టాన్స్‌బరీ ఫొటో మడిచాడు. మార్లిస్ దాణా గదిలోకి నడిచింది. గోడకి రెండు మేకుల మీద ఇంటి రైఫిల్ వేలాడుతోంది. వెండెల్‌దిలాగే చిన్న తూటాల ట్వంటీ టూ, కాకపోతే తనంతట తానే తూటా ఎక్కించుకునే రకం. కోళ్ళ మీద పడే రకూన్లలాంటి దొంగ జంతువుల్ని కొట్టడానికి ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది.

"దీన్ని మీరెందుకు వదిలేశారు?"

"మా నిపుణుడు చూశాడు మేడమ్. ఆ సద్దులేని తూటా ఈ రైఫిల్‌లో ఆడదు. ఇక్కడున్న డబ్బా అంతా మందు ఎక్కువుండే వడి తూటాలు. వాటిలో ఒక్కటి పేలినా కొట్టమంతా మోగిపోతుంది."

"ఆడదంటే పేలదని కాదండీ. రెండో తూటా తనంతట తాను ఎక్కదంతే. మొదటిది శుభ్రంగా పేలుతుంది. గుల్ల లోపలే ఉండిపోతుంది, చేత్తో గొళ్ళెం లాగితే బయట పడుతుంది. మా నాన్నతో ఉడతల వేటకి వెళ్ళినప్పుడు నాకు ఇలాంటి రైఫిలే ఇచ్చేవాడు, ఇలాంటి తూటాలే. ఒకటి కాల్చు, లాగు, ఇంకోటి కాల్చు. తొందరపడకుండా గురి చూడటం నేర్చుకుంటానని. మీ నిపుణుణ్ణి మీరు అడగాల్సిన ప్రశ్న ఆడుతుందా అని కాదు. ఒక్కసారికి పనికొస్తుందా అని."

"అది నిరూపించాలి."

"ఆ కాఫీ డబ్బా ఇటివ్వు లైల్."

తలుపు పక్కన మేకుకి తగిలించిన పాత కాఫీ డబ్బాలో వంకర మేకులూ తీగముక్కలూ నట్లూ ఉన్నాయి. వాటి మధ్య ఇంటి రైఫిల్‌వి పాత గుల్లలు ఓ పిడికెడు మెరిశాయి. లైల్ దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"కొట్టంలో ఏ ఇనప ముక్క దొరికినా దీన్లో పడేస్తారా?"

"నేనూ అన్నయ్యా అంతే. మా నాన్న పెట్టిన డబ్బా అది."

మార్లిస్ భూతద్దం తీసి మూడు రకాల గుల్లల్నీ కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టుకుంది. రైఫిల్ లోపలి సూది ట్వంటీ టూ తూటాని అడుగు అంచు మీద కొట్టి పేలుస్తుంది. ఆ దెబ్బ ఒక్కో రైఫిల్‌ది ఒక్కో తీరు.

"చూడండి. వెండెల్ జేబులోవి, గుండ్రటి చిన్న నొక్కు. డబ్బాలోవి, ఉలితో కొట్టినట్టు వెడల్పు నొక్కు, ఒక మూల విరిగింది. ఇక మీ కవరులోది చూడండి."

స్టాన్స్‌బరీ చాలాసేపు చూశాడు. ఆయన మొండివాడే గానీ గుడ్డివాడు కాదు, అబద్ధాలకోరూ కాదు.

"మూల విరిగింది," అన్నాడు చివరికి. "ఇదే రైఫిల్. మా ల్యాబ్ చెప్పేదాకా కోర్టులో నిలవదు."

"వెండెల్‌ని వదలడానికి కోర్టు అక్కర్లేదు. చేతిలో సద్దులేని తన రైఫిల్ ఉండగా, అటక దిగొచ్చి, ఇంటివాళ్ళ తుపాకీ దించి కాలుస్తాడా ఎవడైనా? పెరట్లో బావి ఉండగా ఊరి చెరువుకి పోయినట్టు."

"మరైతే..." స్టాన్స్‌బరీ గొంతు తగ్గించి లైల్ వైపు కళ్ళు తిప్పాడు.

మార్లిస్ చిన్నగా నవ్వింది. డబ్బా తిరిగి మేకుకి తగిలించేటప్పుడు రెండు పాత గుల్లలు పిడికిట్లో ఉంచుకుంది. మేత బాటలోకి వచ్చి, లైల్‌తో వాతావరణం గురించి మాట్లాడుతూ, చెయ్యి కొద్దిగా వదులు చేసింది. గుల్లలు మేతలో పడ్డాయి. ఒకటి లైల్ కాళ్ళ ముందే ఆగింది. రెండోది కిటికీ వైపు దొర్లి మేతలో సగం మరుగైంది.

పెద్ద ఆవొకటి నాలుక చాచింది.

"ఓసి నీ!" లైల్ పార పడేసి ఒక్క ఉదుటున వంగాడు. గుల్ల తీసి, మార్లిస్‌ని కసురుకున్నాడు. "చూసుకోవద్దూ? పాడి కొంపలో పుట్టి ఆ మాత్రం తెలీదా నీకు?"

కిటికీ గట్టు అతనికి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. దానివైపు అతను కన్నెత్తైనా చూడలేదు. ఉన్నచోటి నుంచే గుల్లని దాణా గది తలుపు వైపు విసిరాడు. అది వెళ్ళి కాఫీ డబ్బాలో ఠంగుమని పడింది. ఏళ్ళ తరబడి చేసిన గురి అది, తప్పే ప్రసక్తే లేదు.

మార్లిస్ ధీమా మొదటిసారి సడలింది. లైల్ చెయ్యి గట్టుకి పోదు, డబ్బాకి పోతుంది. డెల్మార్‌ది కూడా అంతేనట. అయితే ఈ కొట్టంలో ఇత్తడిని గట్టు మీద పెట్టే చెయ్యి ఎవరిది?

"ఇక్కడున్నారా అందరూ? కాఫీ కోసం ఎవరూ లోపలికి రారేమని చూస్తున్నా."

దాణా గది వైపు తలుపులో ఆర్డిస్ నిలబడి ఉంది. ఒక చంకలో ఊతకర్ర, రెండో చేతిలో బుట్ట, బుట్టలో ఫ్లాస్కూ, కప్పులూ, పుల్లటి రుబార్బ్ కాడలతో చేసిన కేకు ముక్కలూ ఉన్నాయి. చలికోటు కింద నల్లబట్టలు వేసుకుంది.

"నువ్వు మెట్లు దిగకూడదు కదే!" అంది మార్లిస్ కంగారుగా.

"డాక్టర్లు చెప్పినవన్నీ వింటే ఈ రాష్ట్రంలో పాలే ఉండవు. పట్టుకో ఈ బుట్ట." ఆర్డిస్ మేత బాటలో ఒక్కో అడుగూ వేస్తూ, దారిలో ఒక్కో ఆవు నుదురూ తడుముతూ వచ్చింది. "ఇదిగో మిస్టర్, మీకు చక్కెరుండాలా వద్దా? వెండెల్‌ని ఎప్పుడు వదులుతున్నారు? అతనికి రెండు ముక్కలు పక్కన పెట్టాను. చిన్నప్పట్నుంచీ రుబార్బ్ అంటే..."

మాట్లాడుతూనే ఆగింది. ఊతకర్రతో మేతని పక్కకి తోసింది. ఆపరేషన్ చేసిన కాలు చాపి, పళ్ళు బిగించి, స్తంభం పట్టుకుని వంగింది. లేచినప్పుడు ఆమె వేళ్ళ మధ్య ఇత్తడి గుల్ల ఉంది. దాన్ని కోటుకి తుడిచి, స్తంభం వెనక కిటికీ గట్టు మీద, నోరు పైకి పెట్టి నిలబెట్టింది.

"...ప్రాణం," అని మాట పూర్తి చేసింది. "చక్కెర చెప్పారు కాదు."

స్టాన్స్‌బరీ చేతిలోని ఫొటోని మడత విప్పాడు, చూశాడు, గట్టు వైపు చూశాడు. పోల్చడానికి ఏమీ లేదు. రెండూ ఒకటే.

తన పందెం గెలిచినందుకు మార్లిస్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ వల లైల్ కోసం పన్నింది. ఆర్డిస్ పేరు లెక్కలోకి తీసుకోనిది తనే. మూడు వారాలుగా మంచం దిగని మనిషి అని ఎవరు చెప్పారు? ఆర్డిస్ చెప్పింది, తను నమ్మింది, అంతే.

ఆర్డిస్ అందరి మొహాల్నీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత వాళ్ళు చూస్తున్న వైపు తిరిగింది. గట్టు మీదున్న గుల్లని చూసి, ఎవరో పరాయివాళ్ళు పెట్టిన వస్తువుని చూసినట్టు కనుబొమలు ముడిచింది.

"మొన్న కూడా అక్కడే పెట్టానా?" అంది.

లైల్ నోరు తెరిచాడు. "వదినా..."

"నాకు గుర్తే లేదు మార్లిస్. ఒట్టు. తీసినట్టు కూడా గుర్తు లేదు." ఆమె స్తంభానికి ఆనుకుంది. "కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా అత్తగారు ఆ డబ్బా ముట్టుకోనిచ్చేది కాదు, అది మగవాళ్ళదని. అప్పట్నుంచీ నాకు దొరికినవన్నీ అక్కడే పెట్టేదాన్ని."

"ఏమీ మాట్లాడకు ఆర్డిస్," అంది మార్లిస్. "లాయరు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకు. డిటెక్టివ్‌గా చెప్పట్లేదు."

"ఎందుకు మాట్లాడకూడదు? అక్కడ వెండెల్ కూర్చుని ఉన్నాడా లేదా?"

"ఉన్నాడు," అన్నాడు స్టాన్స్‌బరీ. "పన్నెండింటికి అతని మీద హత్యానేరం మోపాలనుకున్నాం."

"వెండెల్ మీదా? ప్రశ్నలడిగి పంపేస్తారన్నాడు లైల్!" ఆర్డిస్ మొహంలో అప్పుడు కనపడింది భయం. తన కోసం కాదు. "పంపెయ్యండి. ఇప్పుడే ఫోన్ చెయ్యండి. ఆ పిచ్చాడు నోటితో పావురాల్ని పడగొడతాడు గానీ చీమకి కూడా అన్యాయం చెయ్యడు. చేసింది నేను."

లైల్ మేతలో కూలబడ్డాడు. "శనివారం ట్రక్కుల కోసమా? వదినా, అవి ఆవులు!"

"నాకు చెప్తున్నావా అవి ఆవులని?" ఆమె అతని వైపు చూడలేదు. "నెల రోజులు బతిమాలాను మీ అన్నని. మీరిద్దరూ మానుకోండి, నేనొక్కదాన్నే చూసుకుంటానన్నాను. మోకాలు బాగయ్యాక చూద్దామన్నాడు. నేను ఆస్పత్రిలో ఉండగా సంతకం పెట్టేశాడు. ఆ రోజు పొద్దున కూడా అడగడానికే వచ్చాను. కోతకి పోయేవాటి చెవులకి ఎర్ర రంగు పూస్తున్నాడు. ఈల వేస్తూ పూస్తున్నాడు మార్లిస్."

కిటికీ పక్కనున్న పెద్ద ఆవు మెడ ముందుకి చాపింది. దాని చెవి మీద ఎర్రటి గీత ఉంది. ఆర్డిస్ వేళ్ళు అలవాటుగా ఆ చెవి వెనక గీరాయి.

స్టాన్స్‌బరీ ఒక అడుగు ముందుకేశాడు. తన వృత్తిలో ఆఖరి ముడి విప్పకుండా ఉండలేడు ఆయన. "ఒక్కటి చెప్పండమ్మా. రైఫిల్ దాణా గదిలో ఉంది, దాని తూటాల డబ్బా అక్కడే ఉంది. మీరు ఆ కాలుతో పాలగదిదాకా నడిచి, వెండెల్ డబ్బాలోంచి సద్దులేని తూటా తెచ్చుకున్నారు. నేరం అతని మీదకి పోవాలనే కదా? లేక ఎవరికీ వినపడకూడదనా?"

ఆర్డిస్ ఆయన్ని ఆపాదమస్తకం చూసింది. ఊళ్ళో పెరిగిన పిల్లాడికి ఏం చెప్పాలో తెలియనట్టు చూసింది. వెండెల్ ఆమెకి తట్టనే లేదని మార్లిస్‌కి ఆ చూపులోనే తెలిసిపోయింది.

"పాలు తీసే వేళండీ అది," అంది ఆర్డిస్. "నలభై ఆవులూ పాలు చేపి నిలబడి ఉన్నాయి. వాటి ముందు పెద్ద చప్పుడు చేస్తారా ఎవరైనా?"